పథ్యం రాసే ముందు పళ్ళెం చూడాలి

డయాలిసిస్ వార్డులో మధ్యాహ్నం షిఫ్టు మొదలు కాబోతున్న వేళ, మంచం మీద కూర్చున్న భర్త పక్కనే నిలబడి, ఆమె ఒక ప్లాస్టిక్ కవరులోంచి నాలుగు కాగితాలు తీసి నా ముందు పరిచింది. నాలుగూ డైట్ చార్టులే. వేర్వేరు ఆసుపత్రుల్లో, వేర్వేరు నెలల్లో రాసినవి. ఒకదాంట్లో పప్పు, గుడ్డు, చేప, మాంసం వద్దని ఉంది. మరొకదాంట్లో అరటిపండు, కొబ్బరినీళ్ళు, ఆకుకూరలు, టమాటా వద్దని ఉంది. మూడోదాంట్లో ఉప్పు, పచ్చళ్ళు, అప్పడాలు, ఎండు చేపలు వద్దని ఉంది. నాలుగోది పాలు, పెరుగు తగ్గించమంది. నాలుగింటినీ కలిపి పాటిస్తే మిగిలేది తెల్లన్నం, సొరకాయ, బీరకాయ, పలచటి టీ. "అన్నీ వద్దంతన్నారు, మరేటి పెట్టాలమ్మా ఈ మనిసికి?" అని ఆమె అడిగింది. ఆ మాటలో నిష్ఠూరం లేదు. తెలుసుకుందామనే అడిగింది.

నేను 22 ఏళ్ళుగా విశాఖపట్నంలో డైటీషియన్‌గా పనిచేస్తున్నాను, అందులో 13 ఏళ్ళుగా ఇంటర్న్‌లకు శిక్షణ కూడా ఇస్తున్నాను. ఈ పోస్టు రాయడానికి కారణం ఆ నాలుగు కాగితాల్లో చివరిది. దాని కింద ఒక ఇంటర్న్ రాసిన అక్షరాలూ, వాటి పక్కన నా సంతకమూ ఉన్నాయి.

ఆయన వయసు 46. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం మనిషి, కొబ్బరి తోటల్లో కూలి పని చేసుకుని బతికినవాడు. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు మండలాల్లో మధుమేహం గాని రక్తపోటు గాని లేనివారికి కూడా మూత్రపిండాలు పాడవుతున్నాయని తెలుగు పాఠకులు చాలా కాలంగా చదువుతూనే ఉన్నారు. దానికి ఇదీ కారణమని నిర్ధారణగా ఇప్పటికీ తేలలేదు. ఇటీవలి సంవత్సరాలలో ఆ ప్రాంతానికి డయాలిసిస్ కేంద్రాలు వచ్చాయి, పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం 2023 డిసెంబరులో ప్రారంభమయ్యాయి. ఇవన్నీ ఎంతో అవసరమైనవి. అయితే వారానికి మూడుసార్లు, ఒక్కోసారి నాలుగు గంటల చొప్పున యంత్రం చేసే పని పోగా మిగిలిన వారమంతా రోగి తన ఇంట్లో, తన పొయ్యి మీద వండినది తిని బతకాలి. ఆ తిండి గురించి చెప్పవలసిన బాధ్యత మా వృత్తిది.

15 నెలల కిందట ఆయన బరువు 57 కిలోలు. ఆ రోజు డయాలిసిస్ ముగిశాక, ఒంట్లో చేరిన అదనపు నీరు తీసేశాక, 48 కిలోలు. రెండు కణతలూ లోతుకు పోయాయి, భుజం ఎముక చర్మం కింద విడిగా కనిపిస్తోంది, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఉండే కండ కరిగి పల్లమైంది. ఇవన్నీ చూపుతో, వేలితో తెలిసే గుర్తులు. కేస్ షీటులో మాత్రం ఆహారం గురించి రాయవలసిన చోట "రీనల్ డైట్" (కిడ్నీ రోగి ఆహారం) అన్న రెండు మాటలే ఉన్నాయి.

ఇక్కడ వైద్య విషయం కొంత వివరించాలి, ఎందుకంటే ఈ తప్పు చాలా ఇళ్ళలో ఈ రోజు కూడా జరుగుతోంది. మూత్రపిండాలు దెబ్బతిని ఇంకా డయాలిసిస్ దాకా రాని దశలో మాంసకృత్తులు తగ్గించమని చెబుతాం. మాంసకృత్తులు జీర్ణమయ్యాక మిగిలే వ్యర్థాలను బయటికి పంపే శక్తి ఆ మూత్రపిండాలకు తక్కువ కాబట్టి, మధుమేహం లేని రోగికి వైద్యుల పర్యవేక్షణలో కిలో బరువుకు రోజుకు 0.55 నుంచి 0.6 గ్రాముల వరకు పరిమితం చేయాలన్నది 2020 నాటి అంతర్జాతీయ మార్గదర్శకాల సలహా. డయాలిసిస్ మొదలైన రోజు నుంచి లెక్క తిరగబడుతుంది. వ్యర్థాలను యంత్రం తీసేస్తుంది, కానీ ఆ తీసివేతలో ఒక్కో విడతకు కొన్ని గ్రాముల అమైనో ఆమ్లాలు (మాంసకృత్తుల మూల ముక్కలు) కూడా నీటితో పాటు కొట్టుకుపోతాయి, శరీరంలో వాపు స్వభావం (ఇన్‌ఫ్లమేషన్) పెరిగి కండ కరుగుతుంది. అందువల్ల డయాలిసిస్ రోగికి కిలోకు 1.0 నుంచి 1.2 గ్రాముల మాంసకృత్తులు కావాలి, అంటే నిన్నటిదాకా తిన్నదానికి దాదాపు రెట్టింపు. నిన్నటిదాకా "గుడ్డు ముట్టుకోవద్దు" అన్న నోటితోనే ఈ రోజు "గుడ్డు తప్పకుండా తినండి" అని చెప్పాలి. ఎందుకు మారిందో విడమరిచి చెప్పకపోతే ఏ కుటుంబమూ నమ్మదు, నమ్మకపోవడంలో వారి తప్పేమీ లేదు.

ఆయన పాటిస్తున్న మొదటి చార్టు డయాలిసిస్‌కు ముందు రాసినది. అప్పటికి అది సరైన చార్టే. ఆ తరువాత వచ్చిన మూడు కాగితాలూ దానికి కొత్త నిషేధాలు చేర్చాయే గాని, పాతదాన్ని రద్దు చేయలేదు. మేము రాసిన నాలుగోదాంట్లో "ప్రోటీన్ 55 గ్రాములు" అని పైన ఒక వరుస ఉంది. ఆ అంకె ఆ ఇంట్లో ఎవరికీ అర్థమయ్యేది కాదు. వారికి అర్థమైనది కింద ఉన్న "తగ్గించవలసినవి" అన్న భాగం మాత్రమే. దాన్ని వారు శ్రద్ధగా పాటించారు.

ఆ మధ్యాహ్నం నాతో ఉన్న ఇంటర్న్ అమ్మాయిని ఆయన పక్కన కూర్చోబెట్టి, అంతకు ముందు రోజు తెల్లవారినప్పటి నుంచి ఏమేమి తిన్నారో వరుసగా అడగమన్నాను. అరగంట పట్టింది. రోజంతా కలిపి బియ్యం 220 గ్రాములకు మించలేదు. టీలో పాలు సుమారు 100 మిల్లీలీటర్లు, రెండు బిస్కెట్లు, కూరలో కొద్దిగా నూనె. లెక్క వేస్తే మాంసకృత్తులు సుమారు 25 గ్రాములు, శక్తి 1,100 కిలో కేలరీలు. డయాలిసిస్‌కు ముందు ఆయనకు విధించిన పరిమితి కంటే కూడా అది తక్కువ. పథ్యం అంత నిష్ఠగా పాటించి ఆయన 15 నెలల్లో 9 కిలోలు తగ్గిపోయాడు.

మన భాషలో పథ్యం అన్న మాటకు అసలు అర్థం హితమైనది, ఒంటికి పడేది అని. వాడుకలో అది మానివేయడంగా మారిపోయింది. బాలింత పథ్యం అన్నా, కామెర్ల పథ్యం అన్నా, ఆటలమ్మ పథ్యం అన్నా, అన్నిట్లోనూ వద్దన్నవాటి పట్టికే గుర్తుకొస్తుంది. దీనికి తోడు "లంఖణం పరమౌషధం" అన్న సామెత ఎలాగూ ఉంది. ఒక పూట అజీర్తికి ఆ మాట పనికొస్తుందేమో గాని, నెలల తరబడి జబ్బుతో ఉన్న మనిషికి వర్తింపజేస్తే ప్రమాదం. జనం ఇలా అనుకోవడం సహజమే. మమ్మల్ని బాధపెట్టవలసిన విషయం వేరొకటి ఉంది. అయిదేళ్ళు పోషకాహార శాస్త్రం చదివి వచ్చిన మా పిల్లలు కూడా, కాగితం చేతికిస్తే ముందుగా వద్దన్న పట్టికే రాస్తున్నారు. అది వారి లోపం కాదు, మేము నేర్పిన క్రమమే అలాంటిది.

నేను చదువుకున్న రోజుల్లో ప్రాక్టికల్ పరీక్ష ఇలా ఉండేది. ఒక చీటీ తీయాలి, అందులో "45 ఏళ్ళ మధుమేహ రోగి, ఆఫీసు ఉద్యోగి, 1,600 కేలరీలు" అని ఉంటుంది. పోషక విలువల పట్టికలు ముందు పెట్టుకుని, ఉదయం నుంచి రాత్రి దాకా మెనూ రాసి, మొత్తం 1,600కు అటూ ఇటూ 50 కేలరీలలో సరిపోయేలా కూడి చూపాలి. అది అవసరమైన చదువే. జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రచురించిన పట్టికల్లో 528 ఆహార పదార్థాల విలువలు ఉన్నాయి, మా పని మొత్తానికి అవే పునాది, అంత శ్రమతో దేశమంతటి నుంచీ నమూనాలు తెచ్చి పరీక్షించినవారికి నేను రుణపడి ఉన్నాను. అయితే ఆ పట్టిక 100 గ్రాముల కందిపప్పులో ఏముందో చెబుతుంది, గిన్నెలోని పప్పులో నీళ్ళెన్నో, ఆ గిన్నెలోంచి రోగి పళ్ళెంలోకి ఎంత వచ్చిందో, వచ్చినదాంట్లో ఎంత మిగిలిపోయిందో చెప్పలేదు. పరీక్షలో రోగి లేడు కాబట్టి, చీటీలో రాసిన మెనూ మొత్తం అతను తినేసినట్టే లెక్క. ఆ అలవాటుతో వార్డుకు వచ్చిన విద్యార్థి, చార్టు రాయడంతో వైద్యం పూర్తయిందని అనుకుంటాడు.

ఆ నాలుగో కాగితం చూసిన తరువాత నేను మా శిక్షణ క్రమాన్ని మార్చాను. ఇప్పుడు ఇంటర్న్‌లకు మొదటి రెండు వారాలు చార్టు రాసే అనుమతి లేదు. మొదటి వారం తెల్లవారుజామున వంటగదిలో ఉండాలి. అక్కడ వడ్డించే హస్తం గరిటెతో ఒకసారి పెట్టే అన్నం ఎన్ని గ్రాములో, చిన్న గరిటె పప్పు ఎంతో, ఇడ్లీ ఒక్కోటి ఎంత బరువు తూగుతుందో తామే తూచి రాసుకోవాలి. రెండో వారం ట్రాలీ వెంట వార్డుల్లోకి వెళ్ళాలి, వడ్డించేటప్పుడు ఒకసారి, ముప్పావు గంట తరువాత పళ్ళేలు తీసేటప్పుడు మరొకసారి. మిగిలినదాన్ని నాలుగు పాళ్ళుగా ఊహించి, పావు తిన్నారా, సగం తిన్నారా, ముప్పావు తిన్నారా అని మంచం మంచానికీ గుర్తు పెట్టాలి. రోగి తినకుండా పక్కనున్న బంధువు తిన్నాడా అన్నది కూడా చూడాలి, మన ఆసుపత్రుల్లో అది చాలా మామూలు.

ఆ పని ముచ్చటగా ఏమీ ఉండదు. ఎమ్మెస్సీ చదివిన పిల్లలు ఎంగిలి పళ్ళేల ముందు నిలబడడానికి మొదట ఇబ్బంది పడతారు, కొందరి తల్లిదండ్రులు నాకు ఫోను చేసి అడిగారు కూడా. కానీ నాలుగో రోజుకల్లా వారు నాకు తెలియని విషయాలు చెప్పడం మొదలుపెడతారు. శస్త్రచికిత్స వార్డులో ఫలానా వరుసలో ఎవరూ రాత్రి చపాతీ ముట్టడం లేదని, కారణం పళ్ళు లేకపోవడమని ఒక అమ్మాయి కనిపెట్టింది. స్కానింగ్ కోసం ఉదయం నుంచి ఏమీ తినవద్దని చెప్పి, స్కానింగ్ మరుసటి రోజుకు వాయిదా పడినా ఆ సంగతి వంటగదికి చేరక, ఒక పెద్దాయన రెండు రోజుల్లో ఒక్క పూటే తిన్నాడని ఇంకొకరు లెక్క తీశారు. గొట్టం ద్వారా ఆహారం ఇచ్చే రోగికి రోజుకు 1,500 కేలరీలు అని మేము రాస్తే, ఫిజియోథెరపీకి ఒకసారి, ఎక్స్‌రేకు ఒకసారి, మందులకు ఒకసారి ఆపి, మళ్ళీ మొదలుపెట్టడం మరచి, చివరికి 900 మాత్రమే లోపలికి వెళ్ళిన రోజులున్నాయి. రాసినదానికీ చేరినదానికీ మధ్య ఉన్న ఆ 600 కేలరీలను ఎవరూ చూడకపోతే, అవి ఏ రిపోర్టులోనూ కనిపించవు.

సెలైన్ విషయం కూడా ఇక్కడే చెప్పాలి. "తినకపోయినా ఫర్వాలేదమ్మా, బాటిల్ ఎక్కుతోంది కదా" అని బంధువులు ధైర్యంగా అంటారు. అయిదు శాతం గ్లూకోజు ఉన్న అర లీటరు బాటిళ్ళు రెండు ఎక్కిస్తే వచ్చే శక్తి సుమారు 170 కేలరీలు, అంటే 50 గ్రాముల బియ్యం వండుకుని తిన్నంత. మాంసకృత్తులు సున్నా. ఉత్త సెలైన్‌లో అయితే కేలరీలు కూడా సున్నా. ఈ ఒక్క లెక్కను ప్రతి ఇంటర్న్ చేత ప్రతి వార్డులో బంధువులకు చెప్పిస్తాను.

చార్లెస్ బటర్‌వర్త్ అనే అమెరికన్ వైద్యుడు 1974లోనే, ఆసుపత్రిలో చేరిన తరువాత రోగులు ఆకలితో క్షీణించిపోవడం గురించి గట్టిగా రాశాడు. ఎత్తు, బరువు రాయకపోవడం, రోజుల తరబడి గ్లూకోజు, సెలైన్ల మీదే ఉంచడం, పరీక్షల పేరుతో భోజనాలు ఆపడం, రోగి ఎంత తింటున్నాడో గమనించకపోవడం, ఇది ఎవరి బాధ్యతో తేలకుండా అందరి మధ్యా జారిపోవడం అంటూ ఆయన ఎత్తి చూపినవి ఈ రోజు నా రౌండ్లలో ఒక్కొక్కటిగా కనిపిస్తూనే ఉన్నాయి. అర్ధ శతాబ్దం గడిచింది. నాణ్యతా గుర్తింపు కోసం ఇప్పుడు చాలా ఆసుపత్రుల్లో చేరిన వెంటనే పోషకాహార స్క్రీనింగ్ ఫారం నింపుతున్నారు, అది మంచి మార్పే. కానీ మంచం మీద పడుకున్న రోగి బరువును "సుమారు 60" అని చూపుతో రాసేస్తే ఆ ఫారం వల్ల ప్రయోజనం లేదు. నిలబడలేని రోగికి జబ్బ మధ్య చుట్టుకొలత తీయవచ్చు, మోచేతి నుంచి మణికట్టు దాకా కొలిచి ఎత్తు అంచనా వేయవచ్చు, పిడికిలి బిగింపు బలం కొలిచే పరికరం ఉంటే కండ సంగతి అదే చెబుతుంది. కొలత టేపు ధర ఒక టీ ధరకు మించదు. మా ఇంటర్న్ కోటు జేబులో పెన్ను లేకపోయినా ఊరుకుంటాను గాని, టేపు లేకపోతే వెనక్కి పంపుతాను.

రక్తంలో ఆల్బుమిన్ అనే ప్రోటీన్ తగ్గగానే పోషకాహార లోపమని రాసేయడం మరొక పాత అలవాటు, నేనూ చాలా ఏళ్ళు అలాగే నేర్పాను. ఇన్ఫెక్షన్, వాపు, ఒంట్లో నీరు చేరడం వల్ల కూడా ఆల్బుమిన్ పడిపోతుంది. దాన్ని తిండికి కొలతగా తీసుకోకూడదని ఇప్పుడు స్పష్టంగా చెబుతున్నారు. జబ్బు తీవ్రత గురించి అదొక సూచన, అంతే. నా పాత నోట్సు చదువుకుంటున్న పూర్వ విద్యార్థులు ఎవరైనా ఇది చూస్తే, ఆ పేజీ దిద్దుకోవాలి.

ఇక అడగడం. మా శిక్షణలో అన్నిటికంటే కష్టమైన అంశం ఇదేనని నా అభిప్రాయం, కేలరీల లెక్క దీని ముందు చాలా తేలిక. "మూడు పూటలా బాగా తింటున్నారా?" అని అడిగితే, "తింటున్నానమ్మా" అనే జవాబే వస్తుంది. పెద్ద చదువు చదివిన మనిషి తెల్ల కోటు వేసుకుని అడుగుతుంటే, ఇంట్లో వాళ్ళకు మాట రాకూడదని, తనకు తిట్లు పడకూడదని రోగి ఆ జవాబే ఇస్తాడు. అందుకే ప్రశ్న మార్చాలి. నిన్న నిద్ర లేవగానే నోట్లో ఏమి వేసుకున్నారు, దేనిలో తాగారు, ఆ గ్లాసు ఇక్కడ ఉందా, అన్నం మీరు పెట్టుకున్నారా లేక ఎవరైనా వడ్డించారా, రెండోసారి పెట్టించుకున్నారా, ఏ వారం ఉపవాసం, ఇంట్లో మిగతావారు తిన్నాక తింటారా ముందు తింటారా అని ఒక్కో పూటనూ అడుగుతూ పోవాలి. మన ఇళ్ళలో ఆడవారిని ఈ చివరి ప్రశ్న అడగకుండా ఏ రీకాల్ (తిన్నది గుర్తు చేయించి అడగడం) కూడా పూర్తి కాదు.

ఉద్దానం మనిషి విషయంలో మా అమ్మాయి అడిగిన ఒక ప్రశ్న వల్ల, నేను ఇన్నేళ్ళలో గమనించనిది బయటపడింది. డయాలిసిస్ రోజు ఎలా గడుస్తుందని ఆమె అడిగింది. ఉదయం షిఫ్టు దొరికిన రోజుల్లో తెల్లవారుజామున నాలుగింటికి బయలుదేరాలి, అప్పుడు ఏమీ తినబుద్ధి కాదు. యంత్రం మీద ఉండగా తింటే రక్తపోటు పడిపోతుందని, వాంతి వస్తుందని భయంతో తినడు. అయ్యాక నీరసంతో పడుకుంటాడు. ఇంటికి చేరేసరికి మధ్యాహ్నం మూడు దాటుతుంది. అంటే వారంలో మూడు రోజులు రెండేసి పూటల భోజనం పోతోంది. నెలకు దాదాపు 25 పూటలు. ఏ డైట్ చార్టులోనూ "డయాలిసిస్ రోజు" అన్న గడి లేదు. ఇప్పుడు మా చార్టులో ఆ గడి ఉంది, దారిలో తినడానికి రెండు ఉడికిన గుడ్లు, ఉప్పు తగ్గించిన ఉప్మా పొట్లం, ఇంటికి రాగానే తినడానికి పెరుగన్నం అని అందులో విడిగా రాస్తున్నాం.

కొబ్బరినీళ్ళ విషయం ఇంకా సున్నితమైనది. ఉద్దానం అంటేనే కొబ్బరి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఆ తోటలను నేలకూల్చినప్పుడు, బిడ్డలను పోగొట్టుకున్నట్టు ఏడ్చారక్కడి మనుషులు. ఇంటికి ఎవరు వచ్చినా బోండాం కొట్టి ఇవ్వడం వారి మర్యాద. ఒక బోండాంలో సుమారు 600 మిల్లీగ్రాముల పొటాషియం ఉంటుంది. డయాలిసిస్ రోగికి రోజు మొత్తానికి మేము అనుమతించేది చాలాసార్లు 2,000 నుంచి 2,500 మిల్లీగ్రాములు మాత్రమే. రక్తంలో పొటాషియం పెరిగితే గుండె లయ తప్పి ప్రాణం పోవచ్చు, అందుకే దాన్ని ఒప్పుకునే ప్రసక్తి లేదు. కానీ ఒక మనిషి తన జీవితమంతా పెంచినదాన్ని విషంలా చూడమని చెబుతున్నామన్న ఎరుక, చెప్పే గొంతులో ఉండాలి. కూరగాయల విషయంలో మార్గం ఉంది. చిన్న ముక్కలుగా కోసి, ఎక్కువ నీళ్ళలో ఉడికించి, ఆ నీళ్ళు పారబోసి కూర చేసుకుంటే పొటాషియం చాలా వరకు పోతుంది. లో సోడియం ఉప్పు అని దుకాణాల్లో అమ్మేదాన్ని మాత్రం కిడ్నీ రోగి ఇంట్లోకి రానివ్వకూడదు, అందులో సోడియం బదులు కలిపేది పొటాషియమే.

నీళ్ళు పారబోయడం గురించి చెప్పినప్పుడల్లా మా విద్యార్థులకు ఒక పాత కథ చెబుతాను. ఈ రోజు హైదరాబాదు తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 1918లో తమిళనాడు కూనూరులో, రాబర్ట్ మెక్‌కారిసన్ అనే వైద్యుడి చేతుల్లో, థయామిన్ అనే బి విటమిన్ లోపంతో వచ్చే బెరిబెరి జబ్బు మీద విచారణ కోసం ఒక చిన్న గదిలో మొదలైంది. హైదరాబాదుకు 1958లో వచ్చింది. ఆ బెరిబెరి మన ఉత్తర సర్కారు జిల్లాల్లో, అంటే ఈ కోస్తాలోనే, ఎక్కువగా ఉండేది. ఉప్పుడు బియ్యం తినే ప్రాంతాల్లో లేదు, మరలో బాగా పాలిష్ పట్టిన పచ్చి బియ్యం తినే ఇక్కడ ఉంది. వడ్లు ఉడికించినప్పుడు పైపొరలోని థయామిన్ గింజలోకి ఇంకుతుంది, పచ్చి బియ్యంలో అది తవుడుతో పోతుంది, మిగిలినది కడుగులోనూ, వార్చిన గంజిలోనూ పోతుంది. ఏ బియ్యం, ఎలా కడిగి, ఎలా వండుతున్నారు అన్న వంటింటి ప్రశ్నల వల్లే ఒక ప్రాణాంతకమైన జబ్బు మూలం బయటపడింది. మన అమ్మమ్మలు గంజి వార్చి తెలియక విటమిన్లు పోగొట్టుకున్న సూత్రాన్నే ఇప్పుడు కిడ్నీ రోగి కూరగాయలకు కావాలని వాడుకుంటున్నాం, అందుకే పొటాషియంతో పాటు కొట్టుకుపోయే బి విటమిన్లను మాత్రల రూపంలో తిరిగి ఇవ్వవలసి వస్తుంది, డయాలిసిస్ యంత్రం కూడా వాటిని కొంత తీసేస్తుంది కాబట్టి మరీ అవసరం. ఈ ముక్క అర్థమైన విద్యార్థి ఇక చార్టును కంఠస్థం చేయనక్కరలేదు.

వృత్తి సంగతి కొద్దిగా. భారత ఆహార చికిత్స నిపుణుల సంఘం 1963లో ఏర్పడింది, ఆసుపత్రి ఇంటర్న్‌షిప్ పూర్తి చేసినవారికి రిజిస్టర్డ్ డైటీషియన్ పరీక్ష పెడుతోంది. అయితే చట్టరీత్యా ఎవరు డైటీషియన్, ఎవరు కాదు అన్న గీత దశాబ్దాల పాటు లేదు. ఆరు వారాల ఆన్‌లైన్ కోర్సు చేసినవారూ, అయిదేళ్ళు చదివినవారూ ఒకే బోర్డు పెట్టుకున్నారు. 2021లో వచ్చిన అనుబంధ ఆరోగ్య వృత్తుల జాతీయ కమిషన్ చట్టం మా వృత్తిని కూడా తన పరిధిలోకి తీసుకుంది, 2025లో పోషకాహారం, డైటెటిక్స్‌తో సహా పది కోర్సులకు దేశమంతటికీ ఒకే రకమైన, నైపుణ్యం ఆధారంగా సాగే పాఠ్య ప్రణాళికలు విడుదలయ్యాయి. నేను దాన్ని మనస్ఫూర్తిగా ఆహ్వానిస్తున్నాను. ఆ నైపుణ్యాలను పరీక్షించేటప్పుడు చీటీలోని రోగి స్థానంలో మంచం మీద రోగి ఉండాలని, ఇంటర్న్‌ను వంటగది స్టోర్స్ లెక్కలకు మాత్రమే వాడుకునే ఆసుపత్రులకు శిక్షణ కేంద్రం హోదా ఇవ్వకూడదని కోరుకుంటున్నాను. నేను చేరిన మొదటి ఉద్యోగంలో ఆరు నెలల పాటు నా పని కూరగాయల బిల్లులు సరిచూడడం. పేషెంటు పక్కన నిలబడినది మొత్తం కలిపి పది రోజులు కూడా ఉండదు. ఆ లోటు పూడ్చుకోవడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది, ఆ ఏళ్ళలో నష్టపోయినవారు రోగులు.

తినలేకపోవడానికి కారణం అన్నిసార్లూ తిండిలోనే ఉండదన్నది కూడా నేర్పాలి. డయాలిసిస్ చాలినంత జరగకపోతే ఆకలి చచ్చిపోతుంది, నోరు చేదెక్కుతుంది. మలబద్ధకం ఉంటే పొటాషియం పెరుగుతుంది. తిండిలోని ఫాస్ఫరస్‌ను పట్టి ఉంచే మాత్ర అన్నంతో పాటు వేసుకోవాలి, ఖాళీ కడుపున వేసుకుంటే దండుగ, కానీ "రోజుకు మూడు" అని రాసి ఉంటే జనం మిగతా మాత్రలతో కలిపి ముందే మింగేస్తారు. ఇవి నెఫ్రాలజిస్టుకు (కిడ్నీ వైద్యుడికి) చెప్పవలసిన విషయాలు. చెప్పాలంటే డైటీషియన్ రౌండ్లలో వైద్యుల పక్కన నిలబడి ఉండాలి, కేస్ షీటులో రాసే హక్కు ఉండాలి, రాసినది ఎవరో ఒకరు చదవాలి. నాకు ఆ అవకాశం ఇచ్చిన వైద్యులు ఉన్నారు, వారి వార్డుల్లో రోగులు మెరుగ్గా కోలుకోవడం నేను చూశాను.

ఆ దంపతులకు ఆ రోజు అయిదో చార్టు రాయలేదు. నాలుగు కాగితాలనూ వారి అనుమతితో చింపేసి, ఒక తెల్ల కాగితం మీద "తినవలసినవి" అని మాత్రమే రాశాం. రోజుకు రెండు గుడ్లు, అరచేయంత పచ్చి చేప ముక్క పులుసులో, ఎండు చేప మాత్రం వద్దు, కొలిచి చూసిన వారి గ్లాసుతో ఒక గ్లాసు పాలు లేదా పెరుగు. కూరలో నూనె మరో రెండు చెంచాలు. ఇవి కలిస్తే మాంసకృత్తులు 55 గ్రాముల దరిదాపుకు వస్తాయి. ఆమె చదువుకోలేదు, అందుకని మా ఇంటర్న్ గుడ్లు, చేప, గ్లాసు బొమ్మలు వేసింది. గుడ్డు ధర గురించి, పింఛను డబ్బులో అవి ఎన్ని రోజులు వస్తాయో, పిల్లలకు పెట్టకుండా ఆయనొక్కడికే పెట్టడం ఆమెకు సాధ్యమేనా అన్నది కూడా మాట్లాడుకున్నాం. ఇంట్లో నాలుగు కోళ్ళున్నాయని అప్పుడు తెలిసింది. అయిదు నెలలకు ఆయన డ్రై వెయిట్ (అదనపు నీరు తీసేశాక ఉండే బరువు) 48 నుంచి 51కి వచ్చింది, రాట్నం మీద తాడు పేనే పని మళ్ళీ మొదలుపెట్టాడు.

పోయిన నెల రక్త పరీక్షలో ఆయన పొటాషియం 6.2 వచ్చింది, వెంటనే డయాలిసిస్ చేశారు. మంచం దగ్గరికి మేము వెళ్ళేసరికి ఆయన తల వంచుకున్నాడు. తోటలో కోత రోజట, ఒక బోండాం తాగాడట. ఇదివరకటి రోజుల్లో అయితే ఆ కాగితం మీద మరో "వద్దు" చేరేది. ఇప్పుడున్న ఇంటర్న్ అబ్బాయి కుర్చీ దగ్గరికి లాక్కుని, "ఎంత తాగారు, నాన్నా? మొత్తమా, సగమా? అప్పటికి డయాలిసిస్ అయ్యి ఎన్ని రోజులైంది?" అని అడిగాడు. ఆయన తలెత్తి, సగం తాగి మిగిలినది మనవడికి ఇచ్చానని, డయాలిసిస్ అయ్యి రెండు రోజులైందని చెప్పాడు. తరువాత తనంత తానే, ముందు రోజు రాత్రి టమాటా చారు కూడా రెండుసార్లు పోసుకున్నానని చెప్పాడు. ఆ సంగతి మేము అడగలేదు.